వేడి బృహస్పతుల గాలిలో ఏముందో వరంగల్‌లో కూర్చుని తెలుసుకోవడం ఎలా

సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి పొద్దు గూకడం చూసినవాళ్లకు ఈ విద్యలో సగం ముందే తెలిసినట్టు. మధ్యాహ్నం తలెత్తి చూడలేని సూర్యుడు మునిగే వేళకు కుంకుమ ముద్దలా మారతాడు. ఆ వెలుగు మన దగ్గరికి నిటారుగా కాక ఏటవాలుగా వస్తుంది. నడినెత్తిన ఉన్నప్పటికంటే దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. ఆ మిగిలిన వెలుగును ఒక పట్టకం గుండా పంపిస్తే మన గాలిలోని ఆక్సిజన్, నీటి ఆవిరి మింగేసిన రంగుల చోట నల్ల గీతలు కూడా కనిపిస్తాయి.

ఇప్పుడు ఇదే దృశ్యాన్ని బయటి నుంచి ఊహించుకోండి. ఎక్కడో ఒక నక్షత్రం ముందు నుంచి ఒక గ్రహం దాటిపోతోంది. గ్రహం ఒళ్లు వెలుగును పూర్తిగా ఆపేస్తుంది. దాని చుట్టూ ఉన్న పలచటి గాలి పొర మాత్రం కొన్ని రంగుల్ని ఆపి, కొన్నింటిని వదులుతుంది. కాబట్టి ఆ గాలి మింగే రంగులో చూస్తే గ్రహం కాస్త లావుగా, మింగని రంగులో చూస్తే కాస్త సన్నగా కనిపిస్తుంది. గ్రహం ఇలా నక్షత్రం ముందు నుంచి దాటడాన్నే ట్రాన్సిట్ అంటారు. ఏ రంగులో ఎంత లావుగా ఉందో కొలవడమే ట్రాన్సిట్ స్పెక్ట్రోస్కోపీ. తమ నక్షత్రానికి అతి దగ్గరగా తిరుగుతూ కాగిపోయే, మన బృహస్పతిలాంటి పెద్ద వాయు గ్రహాలే వేడి బృహస్పతులు.

ఇది చదవడానికి బీఎస్సీ స్థాయి భౌతికశాస్త్రం, కొద్దిగా పైథాన్, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. టెలిస్కోపు అక్కర్లేదు. జేమ్స్ వెబ్, హబుల్ అంతరిక్ష టెలిస్కోపులు తీసిన డేటాలో చాలా భాగం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. హనుమకొండలో అద్దె గదిలో ఉండే ఎమ్మెస్సీ విద్యార్థికీ, పెద్ద దేశాల పరిశోధకుడికీ ఒకే ఫైలు దొరికే రంగాలు ఎన్నో లేవు. ఇది అలాంటిది.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో మనం గ్రహాన్ని ఎప్పుడూ చూడం. చూసేదంతా నక్షత్రాన్నే. గ్రహం సంగతి ఆ వెలుగులో వచ్చిన చిన్న లోటు నుంచి ఊహించి రాబట్టాలి. నక్షత్రం మీది మచ్చ, డిటెక్టర్‌లోని గోల (నాయిస్), మన కోడ్‌లోని తప్పు కూడా అంతే లోటును చూపించగలవు. అందుకే కింద ప్రతి మెట్టు దగ్గరా ‘గ్రహం లేకపోయినా ఇదే కనిపించేదా?’ అని అడుగుతూ పోతాం.

మొదటి మెట్టు: కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద లెక్క

చాలామంది నేరుగా డేటా మీద పడతారు. వద్దు. ఎంత సిగ్నల్ రావాలో ముందు తెలిసి ఉంటే, వచ్చింది సిగ్నలో చెత్తో తేల్చుకోగలం.

గ్రహం ఆపే వెలుగు ఎంత? గ్రహ వ్యాసార్ధాన్ని నక్షత్ర వ్యాసార్ధంతో భాగించి వర్గం చేయండి. మన బృహస్పతి సూర్యుడి ముందుకొస్తే దాదాపు 1 శాతం, భూమి అయితే 84 పీపీఎం, అంటే పది లక్షల్లో 84 వంతులు.

తర్వాత గాలి పొర మందం. దీనికి స్కేల్ హైట్ అనే కొలత వాడతాం. గాలి పీడనం సుమారు 2.7 రెట్లు తగ్గడానికి ఎంత ఎత్తు ఎక్కాలో అదే స్కేల్ హైట్. బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో గుణించి, సగటు అణువు ద్రవ్యరాశి, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే వస్తుంది. భూమికి 8.5 కిలోమీటర్లు. గ్రహం వేడిగా ఉండాలి, తేలికైన వాయువుతో నిండాలి, గురుత్వం తక్కువ ఉండాలి, అప్పుడు గాలి పొంగుతుంది. పాలు పొంగినట్టే, మంట ఎక్కువై పైన బరువు లేకపోతే గిన్నె దాటి వస్తాయి.

వాస్ప్-39బీ అనే గ్రహాన్ని తీసుకుందాం. మన నుంచి దాదాపు 700 కాంతి సంవత్సరాల దూరం, కన్యారాశి దిక్కు. ద్రవ్యరాశి బృహస్పతిలో 0.28 వంతు, అంటే శని అంత. వ్యాసార్ధం మాత్రం బృహస్పతికి 1.28 రెట్లు. ఉష్ణోగ్రత సుమారు 1170 కెల్విన్. ఉపరితల గురుత్వం లెక్కిస్తే 4.2 మీటర్లు ప్రతి సెకను వర్గానికి వస్తుంది, అంటే భూమి మీదున్న దానిలో సగం కూడా లేదు. గాలి అంతా హైడ్రోజన్, హీలియం అనుకుంటే సగటు అణుభారం 2.3. ఇవన్నీ వేసి చూడండి. స్కేల్ హైట్ దాదాపు 1000 కిలోమీటర్లు తేలుతుంది. నిజంగా చేసి చూడండి, మొదటిసారి ఆ సంఖ్య చూసినప్పుడు నేను కాలిక్యులేటర్‌ను అనుమానించాను.

ఒక స్కేల్ హైట్ మందం వెలుగులో ఎంత తేడా తెస్తుంది? గ్రహ వ్యాసార్ధాన్ని స్కేల్ హైట్‌తో గుణించి, రెట్టింపు చేసి, నక్షత్ర వ్యాసార్ధం వర్గంతో భాగించాలి. వాస్ప్-39బీకి సుమారు 430 పీపీఎం. బలమైన అణువు గీత దగ్గర గాలి కొన్ని స్కేల్ హైట్ల ఎత్తు దాకా మసకబారుతుంది కాబట్టి వెయ్యి పీపీఎం దాటి తేడా ఆశించవచ్చు. ఇదే లెక్క సూర్యుడి ముందు భూమికి చేస్తే 0.2 పీపీఎం. వేడి బృహస్పతులతోనే ఎందుకు మొదలుపెట్టాలో ఈ రెండు సంఖ్యలే చెబుతాయి.

చివరిగా ఫోటాన్ల లెక్క. పది కోట్ల ఫోటాన్లు పోగు చేస్తే వాటి సహజ ఊగిసలాట వర్గమూలం అంత, అంటే పది వేలు, అంటే 100 పీపీఎం. ట్రాన్సిట్ లోపల అంత, బయట అంత పోగుచేసి తీసివేస్తే లోపం 140 పీపీఎం. దీనికంటే తక్కువ ఎర్రర్ బార్ (కొలత ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపే గీత) మీ ప్లాట్‌లో వచ్చిందంటే సంబరపడకండి, ఎక్కడో తప్పు చేశారు.

రెండో మెట్టు: గ్రహాన్ని ఎంచుకోవడం

నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్‌లో గ్రహాల పట్టిక ఉంటుంది. దాన్ని దించుకుని పై లెక్కను అన్నింటికీ ఒకేసారి వేయండి. పైకి తేలే పేర్లు కొన్ని ఎప్పుడూ వినబడేవే. 1999లో మొదటిసారి ట్రాన్సిట్ చూసిన హెచ్‌డీ 209458 బీ. 2005లో దొరికిన హెచ్‌డీ 189733 బీ. ఇంకా వాస్ప్-39బీ, వాస్ప్-96బీ.

సిగ్నల్ ఒక్కటే చూసి ఎంచుకోకండి. హెచ్‌డీ 189733 బీ చూడండి. దాని గురుత్వం ఎక్కువ, స్కేల్ హైట్ 200 కిలోమీటర్లే, ఒక స్కేల్ హైట్‌కు సుమారు 110 పీపీఎం. అంటే వాస్ప్-39బీలో నాలుగో వంతు. కానీ దాని నక్షత్రం 7.7 మాగ్నిట్యూడ్, వాస్ప్-39 12.1 (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక). వెలుగులో దాదాపు 60 రెట్లు తేడా. ఫోటాన్ల లెక్క ప్రకారం హెచ్‌డీ 189733 బీయే గెలవాలి. అయినా నేర్చుకునేవాళ్లకు నేను దాన్ని సూచించను. ఆ నక్షత్రం మచ్చల నక్షత్రం. గ్రహం మీద పొగమంచులాంటి హేజ్ ఉంది. పైగా అంత వెలుగైన నక్షత్రాన్ని వెబ్‌లోని సున్నితమైన ప్రిజమ్ మోడ్ తట్టుకోలేదు, పిక్సెళ్లు నిండిపోతాయి. వాస్ప్-39బీ మసక నక్షత్రం దగ్గర ఉన్నా ఆ నక్షత్రం శాంతంగా ఉంటుంది. పైగా 2022లో వెబ్ ఆ గ్రహం మీద తీసిన డేటాను మొదటి రోజు నుంచే అందరికీ వదిలారు. దాని మీద ఎందరో పనిచేశారు, కాబట్టి మీ ఫలితాన్ని సరిచూసుకోవడానికి జవాబు ముందే ఉంది. మొదటిసారి వంట నేర్చుకునేటప్పుడు అమ్మ చేసిన పప్పు పక్కన పెట్టుకుని రుచి చూసుకున్నట్టు.

మధ్యలో ఒక మెట్టు, ఇష్టమైతేనే: ఒక ట్రాన్సిట్‌ను సొంతంగా చూడటం

చిన్న టెలిస్కోపుతో స్పెక్ట్రమ్ తీయలేం, కానీ ట్రాన్సిట్ చూడగలం. అవకాశం ఉంటే తప్పక చేయండి. ఎర్రర్ బార్ అంటే ఏమిటో ఒళ్లు తెలుసుకునేది అప్పుడే.

వరంగల్‌కు ఇందులో ఒక అదృష్టం ఉంది. హెచ్‌డీ 209458 నక్షత్రం ఖగోళ అక్షాంశం (డిక్లినేషన్) దాదాపు 19 డిగ్రీలు ఉత్తరం, మన ఊరి అక్షాంశం 18. అంటే ఆ నక్షత్రం దాదాపు మన నెత్తి మీదుగా పోతుంది. వాన మబ్బులు తగ్గి బతుకమ్మ ఆడే రోజులు, అంటే అక్టోబరు మొదట్లో, రాత్రి 9 దాటాక నడినెత్తికి వస్తుంది. నడినెత్తిన అంటే మధ్యలో గాలి అతి తక్కువ. రామప్ప వైపు, పాకాల వైపు వెళ్తే ఊరి లైట్ల బాధ కూడా తగ్గుతుంది. ట్రాన్సిట్ మూడు గంటలు ఉంటుంది, వెలుగు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. ముందు ఒక గంట, తర్వాత ఒక గంట కలిపి ఐదు గంటలు కూర్చోవాలి. ఫోకస్ కొద్దిగా తప్పించి నక్షత్రాన్ని చాలా పిక్సెళ్ల మీద పరచండి, పక్కనున్న రెండు మూడు నక్షత్రాలతో పోల్చండి. ఆస్ట్రోఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మిగతాది చూసుకుంటుంది. ఈ గ్రహం 3.52 రోజులకోసారి తిరుగుతుంది. రెండు చుట్లు కలిపితే ఏడు రోజుల మీద గంటా పదకొండు నిమిషాలు. ఈ శనివారం మబ్బు పడితే వచ్చే శనివారం దాదాపు గంట ఆలస్యంగా మళ్లీ దొరుకుతుంది.

నా మొదటి ట్రాన్సిట్ లెక్క ప్రకారం రావాల్సిన దానికంటే ఆరు నిమిషాలు ముందే వచ్చింది. రైలు ఆరు నిమిషాలు ముందొచ్చిందంటే ఎవరైనా ముందు తమ గడియారం చూసుకుంటారు. నేను చూసుకోలేదు. ఈ గ్రహాన్ని ఇంకో గ్రహం లాగుతోందని రెండు రోజులు ఊహల్లో తేలాను, ఇంట్లోవాళ్లకు చెప్పాను కూడా. అసలు సంగతి ఏమిటంటే పట్టికల్లో సమయం సౌరకుటుంబపు ద్రవ్యరాశి కేంద్రం దగ్గర నిలబడి చూసినట్టు ఇస్తారు. భూమి ఆ నక్షత్రం వైపు ఉన్న కాలంలో వెలుగు మనకు ముందే అందుతుంది. ఆ తేడా ఎనిమిది నిమిషాల దాకా ఉండొచ్చు. పైగా ఆ సమయ విధానానికీ మామూలు యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయానికీ) మధ్య 69 సెకన్లు. ఆస్ట్రోపై లైబ్రరీ ఈ సవరణ రెండు లైన్లలో చేస్తుంది. ముందు చేసి ఉంటే ఇంట్లో నవ్వులపాలు అయ్యేవాణ్ణి కాదు.

మూడో మెట్టు: పచ్చి డేటాను వండటం

వెబ్ డేటా మాస్ట్ అనే ఆర్కైవ్‌లో ఉంటుంది. వాస్ప్-39 పేరు కొట్టి, నిర్‌స్పెక్ అనే వెబ్ పరికరపు ప్రిజమ్ మోడ్ ఎంచుకోండి. ఇది 0.6 నుంచి 5.3 మైక్రాన్ల దాకా ఒకేసారి పట్టే మోడ్. 2022 జూలై 10న ఎనిమిది గంటలకు పైగా సాగిన పరిశీలన అది. 21,500 విడతల ఎక్స్‌పోజర్లు, ఒక్కో విడతలో డిటెక్టర్‌ను 5 సార్లు చదివారు.

ఈ ‘5 సార్లు చదవడం’ అర్థం కావాలి. మన ఫోన్ కెమెరా ఫొటో తీసి పిక్సెళ్లను ఖాళీ చేస్తుంది. వెబ్ డిటెక్టర్ అలా కాదు. నల్లా కింద బిందె పెట్టి, నిండుతుండగా మధ్యమధ్యలో మట్టం గుర్తుపెట్టినట్టు చదువుతుంది. మట్టం పెరిగే వేగమే వెలుగు. మధ్యలో ఎవరో చెంబుతో నీళ్లు కుమ్మరించినట్టు మట్టం ఒక్కసారి ఎగిరితే అది కాస్మిక్ కిరణం. బిందె అంచు దాకా నిండితే ఇక మట్టం పెరగదు, అదే సాచురేషన్. ఈ డేటాలో 2 మైక్రాన్ల లోపు చాలా పిక్సెళ్లకు ఈ జబ్బు ఉంది. అక్కడి ఫలితాన్ని మొదటి ప్రయత్నంలో అస్సలు నమ్మకండి.

అన్‌కాల్ అన్న పేరుతో ఉన్నవి పచ్చి ఫైళ్లు, రేట్‌ఇంట్స్ అన్నవి మట్టాల నుంచి వేగం తీసేసినవి. ల్యాప్‌టాప్ చిన్నదైతే రేట్‌ఇంట్స్‌తో మొదలుపెట్టండి, తప్పేం లేదు. మన ఎండాకాలంలో పచ్చి ఫైళ్లతో కుస్తీ పడితే ల్యాప్‌టాప్ మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు. నేను ఏప్రిల్‌లో రాత్రి కూలర్ ముందు పెట్టి నడిపేవాణ్ణి, కరెంటు పోతే మధ్యలో ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలయ్యేలా ప్రతి దశా డిస్క్ మీద రాసేలా కోడ్ మార్చుకున్నాను. అది అందరికీ పనికొచ్చే అలవాటు.

యురేకా అనే ఉచిత ప్యాకేజీ ఈ దశలన్నీ నడుపుతుంది. అది చేసేది తెలియకుండా మాత్రం నడపొద్దు. ముఖ్యంగా ఒక పని. డిటెక్టర్‌ను చదివేటప్పుడు ఎలక్ట్రానిక్స్ వల్ల బొమ్మ మీద సన్నని చారలు పడతాయి. నక్షత్రం వెలుగు పడని పిక్సెళ్ల మధ్యమాన్ని ఒక్కో నిలువు వరస నుంచి తీసేస్తే అవి చాలావరకు పోతాయి. ఇది చేసినప్పుడు, చేయనప్పుడు వచ్చిన స్పెక్ట్రమ్‌లను పక్కపక్కన గీసి చూడండి. ఆ తేడా చూశాకే ఈ మెట్టు ఎందుకో మనసుకు ఎక్కుతుంది.

హబుల్ డేటా తీసుకుంటే ఇంకో చిక్కు. హబుల్ భూమి చుట్టూ 95 నిమిషాలకోసారి తిరుగుతుంది, ప్రతి చుట్టులో భూమి అడ్డొచ్చి డేటాకు గండి పడుతుంది. టెలిస్కోపు, డిటెక్టర్ కుదురుకోక మొదటి చుట్టు వంకరగా ఉంటుంది, దాన్ని సాధారణంగా పారేస్తారు.

నాలుగో మెట్టు: ముందు తెల్ల వెలుగు

రంగులు విడదీయకముందు అన్ని తరంగదైర్ఘ్యాలనూ కలిపేసి ఒకే లైట్ కర్వ్ (సమయంతో వెలుగు ఎలా మారిందో చూపే గీత) గీయండి. దీన్నే వైట్ లైట్ కర్వ్ అంటారు. సుమారు 2.1 శాతం లోతున్న గుంట, దాదాపు 2.8 గంటల వెడల్పు కనిపించాలి. కనిపించకపోతే ముందుకు పోవద్దు.

ఈ గుంటకు మోడల్ గీయడానికి లారా క్రైడ్‌బర్గ్ 2015లో ఇచ్చిన బ్యాట్‌మ్యాన్ అనే పైథాన్ లైబ్రరీ ఉంది. దానికి ఇవ్వాల్సినవి: ట్రాన్సిట్ మధ్య సమయం, కక్ష్యా కాలం, నక్షత్ర వ్యాసార్ధంతో పోలిస్తే కక్ష్య ఎంత పెద్దది, కక్ష్య వాలు, రెండు వ్యాసార్ధాల నిష్పత్తి, ఇంకా లింబ్ డార్కెనింగ్. ఈ చివరిది జాగ్రత్తగా చూడాలి. సూర్యుడి బింబం నడుమ వెలుగుగా, అంచున మసకగా ఉంటుంది. నక్షత్రాలూ అంతే. గ్రహం నడుమన ఉన్నప్పుడు ఎక్కువ వెలుగు ఆపుతుంది, అంచున తక్కువ. అందుకే గుంట అడుగు బల్లపరుపుగా కాక గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. ఈ గుండ్రదనం నీలం వైపు ఎక్కువ, పరారుణం వైపు తక్కువ. రంగును బట్టి మారేదే కదా మనం వెతికేది? కాబట్టి దీన్ని తప్పుగా పెడితే నక్షత్రం గుణాన్ని గ్రహం గాలికి అంటగట్టేస్తాం. క్వాడ్రాటిక్ సూత్రం వాడి, గుణకాలను నక్షత్ర మోడళ్ల నుంచి తీసుకుని కొద్దిగా వదులుగా ఉంచండి. పూర్తిగా బిగిస్తే మోడల్ తప్పులన్నీ మీ నెత్తిన పడతాయి, పూర్తిగా వదిలేస్తే ఎర్రర్ బార్ ఊబిలా మింగేస్తుంది.

ఎమ్సీ లేదా డైనెస్టీ అనే పైథాన్ లైబ్రరీతో ఫిట్ చేశాక, డేటా నుంచి మోడల్ తీసేసి మిగిలినది చూడండి. ఈ మిగులు పాయింట్లను పదేసి, వందేసి, వెయ్యేసి కలిపి సగటు తీస్తూ పోతే చెదురు వర్గమూలం లెక్కలో తగ్గాలి. వందేసి కలిపితే పదో వంతు కావాలి. అంతకంటే నెమ్మదిగా తగ్గుతుంటే మిగిలింది ఉత్త గోల కాదు, దాంట్లో ఏదో క్రమం ఉంది. టెలిస్కోపు కదిలిందో, నక్షత్రం ఊగిందో. ఈ ఒక్క పరీక్ష చేయకుండా రాసిన ప్రాజెక్ట్ రిపోర్టులు నేను చాలా చదివాను. వాటిలో ఎర్రర్ బార్‌లు ఎప్పుడూ ముచ్చటగా చిన్నవే.

ఐదో మెట్టు: రంగు రంగుగా విడదీయడం

వెలుగును వంద దాకా సన్నని పట్టీలుగా చేసి, ఒక్కో పట్టీకి ఒక్కో లైట్ కర్వ్ తీయండి. కక్ష్య పరిమాణం, వాలు, మధ్య సమయం రంగును బట్టి మారవు, కాబట్టి వాటిని తెల్ల వెలుగు నుంచి వచ్చిన విలువల దగ్గర కట్టేయండి. వ్యాసార్ధ నిష్పత్తి, లింబ్ డార్కెనింగ్, నేల వాలు (ట్రాన్సిట్ బయట కూడా వెలుగు మెల్లగా పైకో కిందకో జరిగే తీరు) మాత్రమే వదలండి. ప్రతి పట్టీకి ఒక లోతు, ఒక లోపం వస్తాయి. తరంగదైర్ఘ్యం అడ్డంగా, లోతు నిలువుగా గీస్తే అదే మీ ట్రాన్స్‌మిషన్ స్పెక్ట్రమ్.

ఎక్కడ ఏం చూడాలి? సోడియం 0.589 మైక్రాన్ల దగ్గర, పొటాషియం 0.77 దగ్గర. నీరు 1.4 దగ్గర, ఇంకా 1.9, 2.7 దగ్గర. మీథేన్ 3.3. కార్బన్ డయాక్సైడ్ 4.3, కార్బన్ మోనాక్సైడ్ 4.6. హీలియం 1.083 దగ్గర సన్నగా దొరుకుతుంది, ప్రిజమ్‌లో అది అందదు. ఈ హీలియంతో మన తెలుగు నేలకు చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో నిలబడి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటం చూశాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో బయటపడ్డ, ఏ మూలకానిదో తెలియని పసుపు గీతకే తర్వాత హీలియం అని పేరు పెట్టారు. సరిగ్గా 150 ఏళ్లకు, 2018లో, వాస్ప్-107బీ అనే గ్రహం నుంచి చెదిరిపోతున్న హీలియం ట్రాన్సిట్‌లో దొరికింది. అడ్డొచ్చిన వస్తువు పక్కనుంచి జారే వెలుగును పట్టకంలో చూడటం, ఉపాయం అదే.

ఆరో మెట్టు: నక్షత్రాన్ని అనుమానించడం

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బండి దిగగానే మొదట చూసేది తేమ. తేమ చూడకుండా తూకానికి ధర కడితే నీళ్లకు డబ్బు ఇచ్చినట్టే. ఇక్కడా అంతే, అక్షరాలా నీటి విషయంలోనే.

నక్షత్రం మీది మచ్చలు చల్లగా ఉంటాయి. గ్రహం దాటే దారిలో లేని మచ్చలు మనకు కనబడవు, కానీ మనం పోల్చే మొత్తం వెలుగులో కలిసి ఉంటాయి. చల్లని చోట నీటి ఆవిరి ఉండగలదు. మన సూర్యుడి మచ్చల్లోనే నీటి గీతలు గుర్తించినట్టు 1995లో ప్రకటించారు! చిన్న ఎర్ర నక్షత్రాల దగ్గరైతే ఈ మోసం గ్రహం సిగ్నల్‌ను మించిపోగలదు. మచ్చలు నీలం వైపు లోతును పెంచి హేజ్ ఉన్నట్టు కూడా భ్రమ కలిగిస్తాయి. కాబట్టి నక్షత్రం ఎంత మచ్చలదో నెలల తరబడి తీసిన వెలుగు రికార్డులో చూడండి, వీలైతే రెండు వేర్వేరు ట్రాన్సిట్‌లు పోల్చండి. గ్రహం గాలి మారదు, మచ్చలు మారతాయి. వాస్ప్-39 సూర్యుడి లాంటి పాత, ఒద్దికైన నక్షత్రం కాబట్టి ఈ మెట్టు దాని దగ్గర త్వరగా దాటిపోతుంది.

ఏడో మెట్టు: గాలి మోడల్

ఇప్పుడు స్పెక్ట్రమ్ నుంచి వెనక్కి నడిచి ఏ గాలి దాన్ని పుట్టించిందో వెతకాలి. దీన్ని రిట్రీవల్ అంటారు. ఉష్ణోగ్రత, ఒక పీడనం దగ్గర వ్యాసార్ధం, అణువుల పాళ్లు, మేఘాల ఎత్తు, హేజ్ వాలు, ఇలా కొన్ని గుబ్బలు తిప్పుతూ లక్షల మోడల్ స్పెక్ట్రమ్‌లు గీసి డేటాతో పోలుస్తారు. ల్యాప్‌టాప్‌కు ప్లాటన్ తేలిక. కొంచెం చేయి తిరిగాక పెటిట్‌రాడ్‌ట్రాన్స్‌కు వెళ్లండి, దాని అణువుల ఫైళ్లు జీబీల్లో ఉంటాయి, ముందే జాగా చూసుకోండి.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు గీతల జాబితా. హైట్రాన్ అనే ప్రసిద్ధ జాబితా భూమి గాలి కోసం, మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర కట్టింది. వెయ్యి కెల్విన్లలో అణువులు ఇంకెన్నో గీతలు చూపిస్తాయి, అవి అందులో లేవు. హైటెంప్ లేదా ఎక్సోమోల్ జాబితాలు వాడాలి.

రెండోది మేఘాలు. వెలుగు గ్రహం అంచున ఏటవాలుగా పోతుంది కదా. వాస్ప్-39బీ లెక్క వేస్తే ఆ దారి నిటారు దారికంటే దాదాపు 24 రెట్లు పొడవు. పైనుంచి చూస్తే కనబడనంత పలచటి మబ్బు కూడా పక్కనుంచి గోడలా నిలుస్తుంది. అందువల్ల మీ స్పెక్ట్రమ్ చదునుగా వస్తే నీరు లేదని రాయకండి. నీరు తక్కువ ఉండొచ్చు, మబ్బు ఎత్తుగా ఉండొచ్చు, గాలి బరువైనది కావొచ్చు. ఈ మూడూ దాదాపు ఒకే బొమ్మ గీస్తాయి. పోస్టీరియర్ ప్లాట్‌లో (ఏ విలువల జంటలు డేటాకు ఎంత నప్పుతాయో చూపే బొమ్మలో) అరటిపండు ఆకారంలో వంపులు కనిపిస్తే అవి ఈ గందరగోళమే, వాటిని సగటు సంఖ్యల వెనక దాచకండి.

అణువు దొరికిందని చెప్పాలంటే ఆ అణువుతో ఒకసారి, అది లేకుండా ఒకసారి రిట్రీవల్ నడిపి, రెండు సాక్ష్యాల (ఏ మోడల్ డేటాకు ఎంత నప్పిందో చెప్పే సంఖ్యల) నిష్పత్తి ఇవ్వాలి. వాస్ప్-39బీలో కార్బన్ డయాక్సైడ్ 26 సిగ్మా, అంటే లోపానికి 26 రెట్ల బలంతో తేలింది, దానికైతే ఈ పరీక్ష లాంఛనమే. మూడు సిగ్మా దగ్గర తచ్చాడేవాటికి ఇదే ప్రాణం. ఇంకొకటి, ఈ స్పెక్ట్రమ్ గ్రహమంతటిదీ కాదు, పగలూ రాత్రీ కలిసే అంచుది మాత్రమే. పైగా ఆ అంచుకు రెండు పక్కలున్నాయి. వాస్ప్-39బీలో సాయంత్రపు పక్క ఉదయపు పక్కకంటే సుమారు 180 డిగ్రీలు వేడిగా ఉందని 2024లో తేల్చారు. మీ మోడల్‌లో ఒక్కటే ఉష్ణోగ్రత పెట్టారంటే ఆ రెండింటి కలగూర అది.

ఎనిమిదో మెట్టు: సొంత ఫలితాన్ని పడగొట్టే ప్రయత్నం

ఎక్సోప్లానెట్ గాలిలో మొట్టమొదట దొరికిన పదార్థం సోడియం. హెచ్‌డీ 209458 బీ మీద హబుల్‌తో, 2002లో. సోడియం రంగులో ట్రాన్సిట్ లోతు 0.0232 శాతం ఎక్కువ, అంతే. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఫలితం. 2020లో ఇంకో బృందం భూమ్మీది టెలిస్కోపుల సూక్ష్మ స్పెక్ట్రమ్‌లు తీసుకుని, నక్షత్రం తన చుట్టూ తాను తిరగడం, బింబం నడుమకూ అంచుకూ సోడియం గీత ఆకారం మారడం, ఈ రెండూ కలిస్తే గ్రహంలో సోడియం లేకపోయినా అలాంటి సిగ్నలే వస్తుందని చూపించింది. వాదన ఇంకా తెగలేదు. పాత బృందం తప్పు చేసిందని కాదు, అడగాల్సిన ప్రశ్నకు పద్దెనిమిదేళ్లు పట్టింది.

మనం చేయగలిగినవి ఇవి. లైట్ కర్వ్‌లో ట్రాన్సిట్ లేని భాగం తీసుకుని, అక్కడే ట్రాన్సిట్ ఉన్నట్టు నటించి మొత్తం పని మళ్లీ చేయండి. గీత కనబడకూడదు. పట్టీల వెడల్పు మార్చండి. లింబ్ డార్కెనింగ్ సూత్రం మార్చండి. స్నేహితుడు వేరే పైప్‌లైన్‌తో (పచ్చి డేటాను స్పెక్ట్రమ్ దాకా నడిపే కోడ్‌తో) విడిగా చేయాలి, మధ్యలో ఒకరిదొకరు చూసుకోకూడదు. వాస్ప్-39బీ కార్బన్ డయాక్సైడ్ ఫలితాన్ని కూడా ఒకదానితో ఒకదానికి సంబంధం లేని వేర్వేరు పైప్‌లైన్లతో తీసి పోల్చాకే అచ్చువేశారు.

ఈ పరీక్షలన్నీ ముగ్గురు విద్యార్థులతో చేయించాను. వాళ్లలో ఒకడు చాలా శుభ్రమైన పిల్లాడు. మోడల్ గీత మీద పడని పాయింట్లు కనబడితే ఓర్చుకోలేడు. కార్బన్ డయాక్సైడ్ కొండ ఎడమ వాలు మీద, 4 మైక్రాన్లు దాటిన చోట రెండు మూడు పాయింట్లు మోడల్‌కంటే పైకి లేచి ఉన్నాయి. వాటిని ఔట్‌లయర్లని తీసేసి, పట్టీలు వెడల్పు చేసి నున్నగా తెచ్చాడు. మిగతా ఇద్దరి ప్లాట్‌లు పక్కన పెట్టి చూశాం. ఇద్దరికీ అక్కడే, 4.05 దగ్గర, అదే బొడిపె.

2022లో కార్బన్ డయాక్సైడ్ కనిపెట్టినవాళ్లకూ ఆ బొడిపె కనిపించింది. ఏమిటో తెలియక, తెలియదనే రాసి వదిలారు. తర్వాత తేలింది, అది సల్ఫర్ డయాక్సైడ్. నక్షత్రపు అతినీలలోహిత కిరణాలు గ్రహం గాలిలోని నీటిని విడగొడితే, ఆ ముక్కలు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తిని సల్ఫర్‌ను వదులుతాయి, అది ఆక్సిజన్‌తో కూడుతుంది. వేరే సూర్యుడి కింద వెలుగుతో నడిచే రసాయన చర్య కంటబడటం అదే మొదటిసారి. మావాడు తీసేసిన పాయింట్లను మళ్లీ పెట్టి, ప్లాట్ కింద పెన్సిల్‌తో ‘ఇది తుడవొద్దు’ అని రాసుకున్నాడు.